చెక్కుబంది

కల్వకుర్తి రిజిస్ట్రార్ ఆఫీసు ముందట
రేకుల కింద నా బల్ల.
పగలు జనం చెప్పింది రాసుకుంట,
రాత్రి ఇంట్ల కూసోని కంప్యూటర్ల కొడత.
పాతదే. పాలమూరుల నెట్ దుకాణం ఎత్తేస్తుంటే
చిట్టి పాడి తెచ్చిన.

మొదలు మాటతోనే చెప్పిన, ముట్టద్దని.
తర్వాత గుడ్డ కప్పిన.
పొద్దూకి వచ్చి చూస్తే
మడతలు నేను పెట్టినట్టు ఉండకపోయేది.
మౌసు తీసి బియ్యం డబ్బల దాచిన,
గిద్దెతోటి ముంచుతుంటే అరుణకు తోక దొరికింది,
ఎలుకనుకొని కేక పెట్టింది.
ఆఖరికి కరెంటు తీగనే
టిఫిను సంచిల ఏసుకొని ఆఫీసుకు పోవుడు.

వారం దినాలు నిమ్మలం.
ఎనిమిదో నాడు ఎందుకో
డబ్బా ఎనక చెయ్యి పెట్టిన.
కాక.
జరమొచ్చిన పిల్లగాని ఈపు లెక్క.
అన్నం కుక్కరు తీగ దానికి అతుకుతదని
ముప్పై ఏండ్ల సంది కాయితాలు రాస్తున్న నాకు ఎరుక లేదు,
మూడో తరగతోనికి ఎరుక.
ఈ మధ్య అన్నం ఆలస్యమెందుకైతుందో
అప్పుడు అర్థమైంది.

పాస్‌వర్డ్ పెట్టిన.
యశ్వంత్ చూస్తడు, వర్షిత చూడదు, వింటది.
అటు దిక్కు తిరిగి పండుకొని
నా ఏళ్ళ చప్పుడు లెక్కపెడ్తది:
మూడు గబగబ,
ఒకటి ఎతికి ఎతికి,
మల్ల రెండు.
నేను తడుముకునే అక్షరమేదో
ఇంటిల్లాదికి తెలుసు.

ఒకనాడు కావలి బాలకిష్టయ్య ప్లాటు కాయితం.
నూట యాభై గజాలు, వెల్దండ తొవ్వ.
స్టాంపు కాగితం మీద అచ్చు కొట్టి
పదిమంది ముందట చదువుతున్న:
తూర్పు, ఇరవై ఫీట్ల బాట.
పడమర, గుండ్రాతి ఎల్లయ్య ఇల్లు.
ఉత్తరం, ఖాళీ జాగ.
దక్షిణం, యశ్వంత్ రాజ్యం.

అందరు నవ్విన్రు.
బాలకిష్టయ్య నవ్వలేదు.
బయానా ఇచ్చిన మనిషి, మొఖం తెల్లగైంది.
"ఈ యశ్వంత్ ఎవరు పంతులూ,
కోర్టు కేసేమన్న ఉన్నదా?"

స్టాంపు పైసలు నా మీదనే పడ్డయి.
ఇంటికి పోయి కొట్టలేదని చెప్ప,
ఒక్కటి ఏసిన.
తర్వాత ఇద్దర్ని నిలబెట్టి
నాకొచ్చిన భాషల్నే చెప్పిన:
ఇగో, తూర్పు గోడ, పడమర మీ అమ్మ కుట్టుమిషను,
ఉత్తరం బీరువ, దక్షిణం నేను.
ఈ నాలుగు హద్దుల నడుమ ఉన్న సొత్తు మీద
నా అనుమతి లేకుండ
మీకు గాని మీ తాలూకు వారికి గాని
ఎట్టి హక్కు లేదు.

వాడు ముక్కు తుడుసుకుంట అడిగిండు:
"నువ్వు ఆఫీసుకు పోతే
దక్షిణం ఎవరుంటరు నాయినా?"

ఆ రాత్రి అర్జెంటు పని ఒకటి.
కొనేటామె పేరు లక్ష్మమ్మ.
నాకు ఆ క్ష కింద మ ఏనాడు రాలే.
ఊరి నిండ లక్ష్మమ్మలే,
ఒక్క లక్ష్మమ్మను ఏడేండ్ల కిందటి కాయితంల దాసుకొని
అక్కడికెల్లి తెచ్చి అతికిస్తుంట.
ఆ కాయితం కనబడ్తలేదు.
ఎవరు చెరిపిన్రో, ఎక్కడ పెట్టిన్రో
అడగబుద్ది కాలే.
కొట్టిన, తుడిసిన, కొట్టిన.
లకషమమ్మ. లక్షమమ్మ.
ఫ్యాను చప్పుడు.

దుప్పటి లోపటి నుంచి వర్షిత,
నిద్రల మాట్లాడినట్టు:
"షిఫ్ట్ ఇడవకు.
పట్టుకొనే మ నొక్కు."

ఎన్ని దినాల సంది నేర్చుకుందో.
నేను లేని ఎన్ని పగళ్ళు
ఆ కుర్సీల కూసుందో.
లేపి అడగాలె, అనుకున్న.

షిఫ్ట్ ఇడవలే.
నొక్కిన.
వచ్చింది.